పాదం పూర్తయ్యాకే లేవండి
పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చుట్టూ తిరిగాయి. చేయాల్సిన పని కళ్లముందే ఉంటుంది, మనసు దాని మీద నిలవదు. వాటిలోంచి ఆరు ఉత్తరాలు తీసుకున్నాం. ఎవరి పని వాళ్లదే కాబట్టి జవాబులు కూడా ఆ పనిని బట్టే ఇస్తున్నాం.

ప్రశ్న: గ్రూప్‌-2కి సిద్ధమవుతున్నాను. పొద్దున 8 గంటలకి లైబ్రరీకి వెళ్తే రాత్రి 7 దాకా అక్కడే. తీరా లెక్క చూసుకుంటే గట్టిగా రెండు గంటలు కూడా చదివి ఉండను. ఫోన్ సైలెంట్‌లోనే పెడతాను. అయినా పది నిమిషాలకోసారి చెయ్యి దాని మీదికే పోతుంది. నాకు మనోబలం లేదనుకోవాలా?
– ఒక అభ్యర్థి, చిక్కడపల్లి, హైదరాబాద్

ముందు ఆ మనోబలం మాట పక్కన పెట్టండి. ఫోన్‌ని చేతికందే చోట పెట్టుకుని, దాన్ని చూడకుండా ఉండటానికి రోజంతా మనసుతో కుస్తీ పట్టడం వృథా శ్రమ. ఆ శక్తి చదువుకి దక్కాలి. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఫోన్ బల్లమీద పెట్టుకున్నవాళ్లకీ, జేబులోనో బ్యాగులోనో ఉంచుకున్నవాళ్లకీ, పక్కగదిలో వదిలి వచ్చినవాళ్లకీ ఒకే పరీక్ష పెడితే, పక్కగదిలో వదిలి వచ్చినవాళ్లు బల్లమీద పెట్టుకున్నవాళ్లకంటే మెరుగ్గా చేశారు. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాలన్నిట్లో ఇదే ఫలితం రాలేదు కాబట్టి దాన్ని వేదవాక్కు అనుకోనక్కర్లేదు. మేం చెప్పే కారణం అంతకంటే మామూలుది: లేచి నాలుగడుగులు నడిస్తేగానీ అందని వస్తువు మీదికి చెయ్యి తనంతట తాను పోదు.

సైలెంట్ చాలదు. పూర్తిగా స్విచాఫ్ చేసి, బ్యాగు అడుగున వేసి, బ్యాగుని మీ కుర్చీకి దూరంగా పెట్టండి. ఆన్ చేశాక అది తెరుచుకోవడానికి పట్టే కాసేపట్లో 'ఇప్పుడు ఇది అవసరమా' అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. చేతికి ఒక మామూలు గడియారం తప్పనిసరి. టైం చూద్దామని ఫోన్ తీసి, అరగంట తర్వాత తలెత్తేవాళ్లే ఎక్కువ. వీడియో పాఠాలు ఫోన్‌లోనే వినాల్సి వస్తే రాత్రే డౌన్‌లోడ్ చేసుకుని, మర్నాడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వినండి.

రెండో లోపం ఫోన్‌ది కాదు, పని పేరుది. 'ఈరోజు పాలిటీ చదవాలి' అని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో మనసుకి తెలీదు. అంతు కనిపించని పని నుంచి అది తప్పించుకోవాలనే చూస్తుంది. 'ప్రాథమిక హక్కులు, 12 నుంచి 18 దాకా అధికరణలు, తర్వాత పుస్తకం మూసి చూడకుండా ఒక పేజీ రాయడం' అని చీటీ మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. ఈ పనికి మొదలుంది, చివరుంది, అయిందో లేదో తేల్చే పరీక్ష కూడా ఉంది.

మొదటి వారం 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు ఆపండి. ఈ పద్ధతిని 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే విద్యార్థి తన చదువు కోసమే పెట్టుకున్నాడు. టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ వాడేవాడు కాబట్టి దానికి ఇటాలియన్‌లో టమాటా పేరే, 'పొమొదోరో' అని స్థిరపడింది. రెండో వారం నుంచి 50 నిమిషాలు, 10 నిమిషాల చొప్పున మార్చుకోండి. విరామంలో నీళ్లు తాగండి, మెట్లు దిగి ఎక్కండి, కిటికీలోంచి దూరంగా చూడండి. రీల్స్ మాత్రం వద్దు. చాలామందికి ఇక్కడే దెబ్బ పడుతుంది. ఒక పనిలోంచి ఇంకో పనిలోకి వెళ్లినా మొదటిదాని తాలూకు ఆలోచన కొంత వెంటే వస్తుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్ని ప్రయోగాలు చేసి చూపించారు. పది నిమిషాల్లో ముప్ఫై వీడియోలు చూసి వచ్చి పుస్తకం తెరిస్తే ముప్ఫై తోకలు వెంటబడి వస్తాయి.

చదువుతుంటే గుర్తొచ్చే సంగతులు కూడా ఉంటాయి. హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేయాలి, రూమ్ అద్దె ఇవ్వాలి, అమ్మకి ఫోన్ చేయాలి. వాటిని తోసిపారేయాలని చూస్తే మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక తెల్లకాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచండి. ఏది గుర్తొచ్చినా రెండే మాటల్లో రాసి, ఎప్పుడు చేస్తారో పక్కన వేయండి: 'అద్దె – మధ్యాహ్నం 1'. వేళ రాయడం ముఖ్యం. పూర్తికాని పని ఎప్పుడు, ఎలా చేస్తామో తేల్చుకుంటే చాలు, అది పూర్తికాకపోయినా మనసుని పీడించడం తగ్గుతుందని 2011లో వచ్చిన మరో పరిశోధనలో తేలింది.

ఇక గంటల సంగతి. పదకొండు గంటలు కూర్చోవాలన్న పట్టుదల మానేయండి. బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద జరిగి 1993లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనంలో, మేటి విద్యార్థులు సైతం ఒంటరిగా చేసే గట్టి సాధన రోజుకి సుమారు నాలుగు గంటల దగ్గరే ఆగింది. మీరూ కొత్త పాఠాలకి, కష్టమైన వాటికి పొద్దున మూడు, సాయంత్రం ఒక గంట పెట్టుకోండి. భోజనం తర్వాత మగతగా ఉండే వేళలో మ్యాపులు, పాత ప్రశ్నపత్రాలు, వార్తాపత్రిక చూడండి. ఇప్పుడున్న రెండు గంటలు నిఖార్సైన నాలుగు గంటలైతే రాత్రి 7 దాకా కూర్చోవాల్సిన పనే లేదు. సాయంత్రం ఆరింటికే లైబ్రరీ నుంచి లేవండి.

ప్రశ్న: ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. పోయిన నెలలో ఒక పట్టు బ్లౌజుకి రెండు చేతులూ ఒకే వైపువి కత్తిరించాను. గుడ్డ కొనివ్వాల్సి వచ్చింది. కుట్టేటప్పుడు రాని తప్పులు కత్తిరించేటప్పుడే ఎందుకు వస్తున్నాయి?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తెర తప్పితే గుడ్డే పోతుంది. పైగా కుట్టడం చేతికి అలవాటైన పని, పక్కన మాటలు నడుస్తున్నా సాగుతుంది. కత్తిరింపులో కొలత గుర్తుంచుకోవాలి, నాలుగుతో భాగించాలి, కుట్టుకి కలపాలి, గుడ్డ మంచివైపు ఎటుందో చూసుకోవాలి. ఇవన్నీ ఒకేసారి తలలో ఉండగా కాలింగ్‌బెల్ మోగితే ఏదో ఒకటి జారిపోతుంది. అందుకని ఈ రెండు పనుల్నీ ఒకే పూటలో కలపకండి, విడదీయండి.

పిల్లలు బడికి, పెద్దవాళ్లు పనికి వెళ్లాక గంటన్నర కత్తిరింపుకి ఉంచుకోండి. నాలుగైదు బ్లౌజులు ఆ వేళలోనే కత్తిరించేయండి. ఫోన్ వంటింట్లో ఉండాలి. కొలతలకి వచ్చేవాళ్లకి 'సాయంత్రం 4 నుంచి 6' అని కాగితం మీద రాసి తలుపుకి అంటించండి. కుట్టడం, హుక్కులు, కాజాలు, చేతిపని మిగతా వేళల్లో ఎవరితో మాట్లాడుతూ చేసుకున్నా ఫరవాలేదు.

బల్ల దగ్గరికి వచ్చాక కొలతల చీటీని గుడ్డకే పిన్ను పెట్టండి. పలకమీదో నోటుబుక్కులోనో ఉన్న కొలత గుడ్డతో రాదు. వెనకభాగం, ముందుభాగాలు రెండు, చేతులు రెండు, పట్టీలు ఇలా ముక్కలన్నీ ముందు సుద్దతో గీసేయండి. అన్నీ గీశాకే కత్తెర తీయండి, అప్పటిదాకా అది సొరుగులో ఉండాలి. చేతుల గుడ్డని మంచివైపులు ఎదురెదురుగా ఉండేలా మడిచి, రెండు పొరలూ కలిపి ఒక్కసారే కత్తిరిస్తే కుడి ఎడమలు వాటంతటవే వస్తాయి. మీకు జరిగిన తప్పు బహుశా మధ్యలో లేచి వచ్చి, రెండో చేతిని విడిగా, గుడ్డ తిప్పకుండా వేయడంవల్ల వచ్చింది. చంక దగ్గర ముందువైపు లోతు ఎక్కువ, వెనకవైపు తక్కువ కాబట్టి అది అతకదు.

తప్పనిసరిగా లేవాల్సి వస్తే ఆగిన గీత చివర సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు పెట్టండి. వచ్చాక అక్కణ్నుంచి ముందుకి పోవద్దు. ఆ ఇంటూకి ముందున్న కొలతని టేపుతో మళ్లీ కొలవండి. మధ్యలో లేచినప్పుడు వచ్చే తప్పుల్లో మరొకటి, కుట్టుకి వదలాల్సింది రెండుసార్లు కలపడం లేదా అసలు మర్చిపోవడం. ఛాతీ 36 అయితే నాలుగో వంతు 9, దానికి లూజు, కుట్టు కలిపిన వెంటనే చీటీ మీద ఆ మొత్తం రాసి పక్కన టిక్కు కొట్టండి. టిక్కు ఉంటే కలిపినట్టు, లేకపోతే కలపనట్టు. గుర్తుందా లేదా అని తడుముకోవాల్సిన పని ఉండదు.

ప్రశ్న: అష్టావధానం చూసినప్పుడల్లా ఆశ్చర్యం వేస్తుంది. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు (సంబంధం లేని ప్రశ్నలు వేసే మనిషి) ఎంత చెడగొట్టాలని చూసినా అవధాని పద్యం చెడదు. అదెలా సాధ్యం? మాబోటివాళ్లం అందులోంచి నేర్చుకోగలిగింది ఏమైనా ఉందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మంచి ప్రశ్న వేశారు మాస్టారూ. అవధానం అన్న మాటకే ఏకాగ్రత అని అర్థం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు, ఇచ్చే పనులన్నీ ఒక్కడే నెరవేర్చాలి. ఆ ఏకాగ్రతని చెదరగొట్టడానికి మనిషిని నియమించి, అతనికి ఎదురుగా కుర్చీ వేసి, పద్యం చెప్పి చూపించే ప్రక్రియ అది. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి జంటగా ఊరూరా అవధానాలు చేసి దాన్ని జనంలోకి తెచ్చారు.

దూరం నుంచి చూస్తే అవధాని ఎనిమిది పనులు ఒకేసారి చేస్తున్నట్టు ఉంటుంది. దగ్గరగా చూడండి. ఫలానా అక్షరం వాడకూడదని అడ్డుపడే నిషిద్ధాక్షరి పృచ్ఛకుడి దగ్గర పద్యంలో ఒక పాదం, అంటే ఒక వరుస, పూర్తిచేస్తాడు. పూరించమని సమస్య ఇచ్చిన వారి దగ్గరికి వెళ్లి ఇంకో పాదం చెప్తాడు. తర్వాత ఇచ్చిన మాటలు ఇమిడ్చి చెప్పే దత్తపది, ఆ తర్వాత అడిగిన విషయం మీద వర్ణన. ఇలా ఒక చుట్టు తిరిగొస్తే ఒక ఆవృత్తి. నాలుగు ఆవృత్తులకి నాలుగు పాదాలు, చివర్లో ధారణ: అన్ని పద్యాలూ మొదటినుంచి అప్పజెప్పడం. అంటే ఏ క్షణాన చూసినా అతని ముందు ఉన్నది ఒక్క పాదమే. పాదం సగంలో వదిలి పక్కకి పోడు. మధ్యమధ్య ఒకరు మోగించే గంటలు లెక్కపెట్టడమూ అతని పనే; గంట మోగితే లెక్కలో ఒకటి వేసుకుంటాడు, అంతే.

మరి నాలుగైదుగురిని చుట్టి వచ్చాక ఆ పద్యం ఎక్కడ ఆగిందో ఎలా దొరుకుతుంది? ఛందస్సు పట్టుకుని ఉంచుతుంది. ఉత్పలమాల ఎత్తుకున్నాడనుకోండి. పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి పొత్తు కుదరాలి. మొదటి పాదంలో రెండో అక్షరంలోని హల్లు ఏదో మిగతా మూడు పాదాల్లోనూ రెండో అక్షరంలో అదే హల్లు రావాలి, అది ప్రాస. ప్రాస 'ల' అని గుర్తుంటే చాలు, ఆ పద్యం కొస చేతికి దొరికినట్టే. వదిలి వెళ్లేటప్పుడే తిరిగొచ్చే దారి కట్టి ఉంటుంది.

ఇక అప్రస్తుత ప్రసంగం. అవధాని దాన్ని విననట్టు నటించడు, చిరాకు పడడు. ఒకటి రెండు వాక్యాల్లో, కుదిరితే చమత్కారంగా, జవాబిచ్చి మళ్లీ పాదంలోకి వస్తాడు. అసలు ప్రమాదం ఆ ప్రశ్నలో లేదు, దాంతో వాదనకి దిగడంలో ఉంది. వాదన మొదలైతే తలలో ఇంకో పద్యం నడవడం మొదలైనట్టే.

ఒక్క హెచ్చరిక. ఇదంతా ఏళ్ల సాధన మీద నిలిచినది. గణాలూ యతులూ ఆలోచించకుండా నోటికి వచ్చే స్థితికి చేరినవారికే మిగతావాటికి మనసులో చోటు మిగులుతుంది. కొత్తగా నేర్చుకునే పని దగ్గర అవధానిలా ఉండాలని చూస్తే రెండూ చెడతాయి. కానీ పాదం పూర్తిచేసి లేవడం ఎవరైనా చేయొచ్చు. ఉత్తరం రాస్తుంటే పేరా పూర్తయ్యాక లేవండి, లేచేముందు తర్వాతి పేరాలో చెప్పాల్సింది మూడు మాటల్లో కింద రాసిపెట్టండి. అదే మీ ప్రాస. మనవడు వచ్చి ఏదైనా అడిగితే కలం కింద పెట్టి, వాడి మొహం చూసి, జవాబు చెప్పి పంపండి. రాస్తూనే 'ఊఁ' కొడితే వాడు మళ్లీ వస్తాడు.

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్ దగ్గర అడ్తి దుకాణంలో (కమీషన్ మీద రైతుల పంట అమ్మిపెట్టే చోట) గుమాస్తాని. సీజన్‌లో లెక్క రాస్తుంటే రైతులు, హమాలీలు, సేటు ఒకరి తర్వాత ఒకరు పిలుస్తారు. రాత్రికి మొత్తం తేడా వస్తుంది. ఆ తేడా ఎక్కడుందో వెతకడానికే రెండు గంటలు పోతున్నాయి.
– వరంగల్ పాఠకుడు

వచ్చినవాళ్లని ఆపలేరు, ఎంతో దూరం నుంచి మిర్చి తెచ్చిన రైతుని ఆగమనడం భావ్యం కూడా కాదు. తప్పు జరిగినా అది చిన్న చోటులోనే ఉండేలా చూసుకోవచ్చు. ప్రతి పది వరుసలకి పెన్సిల్‌తో ఉపమొత్తం వేయండి. కూడుతున్న వరుస కింద స్కేలు పెట్టి ఉంచండి. ఎవరైనా పిలిస్తే తల ఎత్తకుండా ఎడమచెయ్యి చూపించి, అప్పటిదాకా వచ్చిన మొత్తం మార్జిన్‌లో రాసి, అప్పుడు తల ఎత్తండి. నాలుగైదు సెకన్లు పడుతుంది. ముందు తల ఎత్తితే ఆ అంకె పోయినట్టే.

తక్‌పట్టీ (తూకం, ధర రాసిచ్చే చీటీ) నుంచి పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు అంకె మీద వేలు పెట్టి పైకి చదవండి: 'నాలుగు వేల ఏడువందల ముప్ఫై'. జపాన్ రైల్వేలో సిగ్నల్‌ని వేలుతో చూపించి పైకి చెప్పడం ఉద్యోగ నియమం. అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ 1994లో పరీక్షిస్తే, 100 పనులకి 2.38 చొప్పున ఉన్న తప్పులు అలా చేసినప్పుడు 0.38కి తగ్గాయి. నలుగురిలో పైకి చదవడం మొదటి రోజు మొహమాటంగా ఉంటుంది, తర్వాత ఎవరూ పట్టించుకోరు.

తేడా వచ్చాక మొత్తం పుస్తకం తిరగేయకండి. ముందు ఆ తేడా అంకెనే చూడండి. అది 9తో నిశ్శేషంగా పోతుంటే, పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో వెతకండి. 4,730ని 4,370 అని రాస్తే తేడా 360, అంటే 9 నలభైలు. సున్నా జారినా అంతే: 4,500 బదులు 450 పడితే తేడా 4,050, అదీ 9తో పోతుంది. 9తో పోకపోతే తేడాని సగం చేయండి. 1,200 తేడా వస్తే 600 అన్న అంకె కోసం చూడండి, జమలో పడాల్సింది ఖర్చులో పడి ఉండొచ్చు. అదీ కాకపోతే సరిగ్గా ఆ తేడా అంత మొత్తమే ఎక్కడైనా ఎక్కించకుండా వదిలేశారేమో తక్‌పట్టీలు చూడండి. ఈ మూడూ అయ్యాకే వరుసగా టిక్కులు కొట్టుకుంటూ రండి.

ప్రశ్న: డాలస్‌లో ఉద్యోగం. పొద్దున ముఖ్యమైన మీటింగ్ మధ్యలోనే ఇంటినుంచి ఫోన్ వస్తుంది. కుటుంబం గ్రూపుల్లో మెసేజీలు ఆగవు. ఫోన్ ఆపేద్దామంటే, అమ్మానాన్నలకి ఏదైనా అవసరం వస్తే ఎలా అని భయం.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

ఆ భయం న్యాయమైనదే, దాన్ని పక్కన పెట్టమని చెప్పం. వాళ్లు రాత్రి 9కి భోజనం ముగించి ఫోన్ చేస్తే చలికాలంలో మీకు పొద్దున 9.30, వేసవిలో 10.30. నేరుగా మీ మీటింగుల వేళ. మీరే పొద్దున 7.30కి చేయండి. చలికాలంలో వాళ్లకి రాత్రి 7, వేసవిలో సాయంత్రం 6 అవుతుంది. రోజూ వస్తుందని తెలిసిన ఫోన్ కోసం వాళ్లు ఎదురుచూస్తారు, మధ్యలో చేయడం తగ్గుతుంది.

అత్యవసరానికి దారి తెరిచే ఉంచండి. 'డు నాట్ డిస్టర్బ్' పెట్టినా ఎంచుకున్న నంబర్ల కాల్స్ మోగేలా చేయొచ్చు. అమ్మ, నాన్న, పక్కింటివారు, ఆ ముగ్గురినే పెట్టండి. వరసగా రెండోసారి చేస్తే మోగే సదుపాయమూ ఉంది: ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు, ఐఫోన్‌లో 3 నిమిషాల్లోపు. 'తొందరేమీ లేకపోతే ఒకసారి, అర్జంటైతే వెంటనే రెండుసార్లు' అని వాళ్లకి చెప్పండి. వాట్సాప్ కాల్స్‌కి కొన్ని ఫోన్లలో ఈ ఏర్పాటు వర్తించదు, అందుకే ఒక ఆదివారం వాళ్లచేత చేయించి చూసుకోండి. గ్రూపుల్ని 'ఎప్పటికీ' అని మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి. సాయంత్రం ఒకసారి తెరిచి, పెళ్లిరోజులకీ పుట్టినరోజులకీ శుభాకాంక్షలు పెట్టండి.

ప్రశ్న: స్టవ్ మీద పాలు పెట్టి ముందుగదిలోకి వెళ్తే అంతే, పొంగిపోయాక గానీ గుర్తురాదు. వయసుతో వచ్చిన మతిమరుపా?
– ఒక అమ్మమ్మ, అనంతపురం

ఇదొక్కటే అయితే కంగారు పడకండమ్మా, పాతికేళ్లవాళ్లకీ జరుగుతుంది. కాసేపాగి చేయాల్సిన పనిని మనసు దానంతటది గుర్తుచేయదు, ఏదో ఒకటి కంటపడాలి. ముందుగదిలో పాలని గుర్తుచేసేది ఏమీ లేదు కదా. తెలిసిన దారులు తప్పిపోవడం, ఇంట్లోవాళ్ల పేర్లు తడబడటం లాంటివీ ఉంటే మాత్రం డాక్టరుకి చూపించుకోండి.

పాలు పెట్టి కదలాల్సి వస్తే గరిటె చేత్తో పట్టుకుని వెళ్లండి. టీవీ ముందు కూర్చున్నా చేతిలో గరిటె ఉంటే పాలు గుర్తుంటాయి. గరిటె ఎక్కడా కింద పెట్టకూడదు, ఆ ఒక్కటే నియమం. తలుపు తీయడానికో ఫోన్ ఎత్తడానికో చెయ్యి ఖాళీ కావాలనిపిస్తే, ముందు వెళ్లి స్టవ్ కట్టేసి రండి. మంట సన్నగా పెట్టి, గిన్నె మీద చెక్కగరిటె అడ్డంగా ఉంచితే పొంగు కాస్త ఆలస్యమవుతుంది, ఆగిపోదు. కుక్కర్‌కి విజిళ్లు లెక్కపెట్టుకోవడం మానేసి, మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి టైమర్ పెట్టుకోండి.